డిశ్చార్జ్ అయ్యాక వృద్ధుల బాధ్యత ఎవరిది?

డెబ్బై ఐదేళ్ల మనిషి స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, ఆ మనిషిని ఆసుపత్రికి చేర్చి ఆపరేషన్ చేయించడానికి తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ఒక ఏర్పాటంటూ ఉంది. 2005లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన 108 అంబులెన్స్ వస్తుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా పిలుస్తున్న ఆరోగ్యశ్రీ ఖర్చు భరిస్తుంది. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు విస్తరించారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చుని కాగితాల సంగతి చూస్తారు. లోపాలు ఎన్ని ఉన్నా ఇదొక వ్యవస్థ. ఎవరు ఏం చేయాలో రాసిపెట్టి ఉంది. అయితే ఈ వ్యవస్థ రోగిని లోపలికి తీసుకెళ్లడానికే పుట్టింది. డిశ్చార్జ్ కాగితం చేతికి వచ్చిన మరుక్షణం నుంచి ఆ మనిషి ఎవరి రోగి అన్న ప్రశ్నకు ఎక్కడా స్పష్టమైన సమాధానం లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరుకు పదిహేను రోజుల తర్వాత కుట్లు చూపించుకోవాలి, ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి ఆ ఆపరేషన్ జరిగిన సంగతే తెలియదు, మధ్యలో మిగిలేది కుటుంబం.

వయసు మళ్లినవారి విషయంలో ఈ ఖాళీ ఎందుకంత ప్రమాదకరమో అర్థం కావాలంటే, ఆసుపత్రి మంచం వారి శరీరానికి ఏం చేస్తుందో ముందు చూడాలి. 2007లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన జరిగింది. ఏ జబ్బూ లేని, అరవై దాటిన కొందరిని పది రోజులు మంచం మీదే ఉంచితే, ఆ పది రోజుల్లోనే వారి కాళ్ల కండ సుమారు ఒక కిలో తగ్గింది. ఆరోగ్యవంతుల సంగతే ఇలా ఉంటే, జ్వరమో, ఆపరేషనో, సరైన తిండి లేకపోవడమో తోడైనవారి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. డెబ్బై దాటి ఆసుపత్రిలో చేరినవారిలో దాదాపు 35 శాతం మంది, జబ్బుకు ముందు తమంతట తాము చేసుకోగలిగిన స్నానం, బట్టలు కట్టుకోవడం, మంచం దిగడం వంటి పనుల్లో ఒకటైనా చేసుకోలేని స్థితిలో ఇంటికి వెళ్తున్నారని 2003లో వెలువడిన మరో అమెరికా అధ్యయనం తేల్చింది. 2013లో హార్లన్ క్రమ్‌హోల్జ్ అనే హృద్రోగ నిపుణుడు ఈ స్థితికి ఆసుపత్రి అనంతర లక్షణ సముదాయమని ఒక పేరే పెట్టారు. అక్కడ ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్ ఆరోగ్య బీమా కింద డిశ్చార్జ్ అయినవారిలో దాదాపు ఐదో వంతు మంది నెల రోజుల్లోనే తిరిగి చేరుతున్నారని, అందులోనూ చాలామంది మొదటి జబ్బుతో కాక మరో కారణంతో చేరుతున్నారని ఆయన ఎత్తిచూపారు. గుండె జబ్బు నయమై వెళ్లిన మనిషి పడిపోయి వస్తాడు, న్యుమోనియా తగ్గి వెళ్లిన మనిషి షుగర్ పడిపోయి వస్తాడు. నిద్ర చెడి, తిండి తగ్గి, కండ కరిగి, మనసు గందరగోళపడి ఉన్న మనిషిని "తగ్గిపోయింది, ఇక వెళ్లవచ్చు" అని పంపుతున్నామన్నది ఇందులోని సారాంశం. జబ్బు తగ్గడం ఒకటి, మనిషి కోలుకోవడం మరొకటి.

మన ఆసుపత్రుల్లో డిశ్చార్జ్ అనేది ప్రధానంగా లెక్కల వ్యవహారం. ఉదయం రౌండ్స్‌లో డాక్టరు సరేనంటారు. ఆ తర్వాత బిల్లు తయారీ, బీమా ఉంటే కంపెనీ ఆమోదం, మందుల వాపసు, సంతకాలు. కంపెనీలు డిశ్చార్జ్ ఆమోదాన్ని మూడు గంటల్లోపు ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఆదేశించవలసి వచ్చిందంటే, జాప్యం ఎంత మామూలైపోయిందో ఊహించవచ్చు. దీని ఫలితంగా వృద్ధులు చాలాసార్లు చీకటి పడ్డాక ఇల్లు చేరుతారు. వాకరు కొనాల్సిన దుకాణం మూసి ఉంటుంది, ఊళ్లో మందుల షాపులో రాసిన బ్రాండు దొరకదు, అడగడానికి ఆసుపత్రిలో ఉదయం చూసిన నర్సు డ్యూటీ దిగిపోయి ఉంటుంది. అసలు వివరించవలసిన సమయంలో కుటుంబ సభ్యుడు బిల్లింగ్ కౌంటర్ దగ్గర క్యూలో ఉంటాడు. మంచం పక్కన ఉన్న మనిషికి చెప్పింది రాత్రి ఇంట్లో చూసుకునే మనిషికి చేరదు. చేతికి వచ్చే డిశ్చార్జ్ సమ్మరీ పూర్తిగా ఇంగ్లిషులో, సగం పొడి అక్షరాల్లో ఉంటుంది. ఆసుపత్రులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ ప్రమాణాలు మాత్రం మందులు, జాగ్రత్తలు రోగికి అర్థమయ్యే రీతిలో ఉండాలనీ, అత్యవసరంగా ఎప్పుడు, ఎలా సాయం పొందాలో రాయాలనీ స్పష్టంగానే చెబుతున్నాయి. రోగి తెలుగు మాత్రమే చదవగలిగినప్పుడు "అర్థమయ్యే రీతి" అంటే ఏమిటో ఎవరూ పట్టించుకోరు.

ఈ కాగితంలో అన్నిటికంటే ఎక్కువ హాని జరిగేది మందుల దగ్గర. ఇంట్లో అప్పటికే బీపీకి, షుగరుకు, థైరాయిడ్‌కు బిళ్లల డబ్బా ఒకటి ఉంటుంది. ఆసుపత్రి నుంచి మరో సంచి వస్తుంది. పాతవాటిలో ఏవి ఆపాలో, ఏవి కొనసాగించాలో సమ్మరీలో సాధారణంగా ఉండదు. కొత్తగా ఏం వాడాలో మాత్రమే ఉంటుంది. ఆమ్లోడిపిన్ అనే ఒకే బీపీ మందు స్టామ్లో పేరుతోనూ, ఆమ్లాంగ్ పేరుతోనూ దొరుకుతుంది. పాత డబ్బాలో ఒక పేరు, కొత్త చీటీలో మరో పేరు ఉంటే, రెండూ వేసే అమాయకపు జాగ్రత్తపరులు ఇళ్లలో ఉంటారు. వారం తిరక్కుండానే ముసలావిడ తెల్లవారుజామున లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోతుంది. షుగర్ సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఇన్‌ఫెక్షన్ వల్లనో స్టెరాయిడ్ల వల్లనో ఆసుపత్రిలో చక్కెర పెరిగినప్పుడు నిర్ణయించిన ఇన్సులిన్ మోతాదు, ఇన్‌ఫెక్షన్ తగ్గి, తిండి సగమై, ఇంటికి చేరిన మనిషికి ఎక్కువవుతుంది. రాత్రి చెమటలు పట్టి, మాట తడబడితే దాన్ని నీరసమనుకుని పడుకోబెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. ఆసుపత్రిలో నాలుగు రాత్రుల కోసం రాసిన నిద్ర బిళ్ల ఇంట్లో ఏళ్ల తరబడి కొనసాగడం, దాని మత్తులో మళ్లీ పడటం మరో మామూలు వరుస.

తుంటి ఆపరేషన్‌నే తీసుకుంటే ఇంకో లెక్క బయటపడుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందును ఆ ఆపరేషన్ తర్వాత 35 రోజుల వరకు కొనసాగించాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో డిశ్చార్జ్ తర్వాత ఇచ్చే మందులు 10 రోజులకు. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జ్ అనంతర ఖర్చుల పరిధి 15 రోజులు. ప్రైవేటు బీమాలో, ఉదాహరణకు ఆరోగ్య సంజీవని పాలసీలో, ఇది 60 రోజులు. పేదవారి రక్తనాళాలకు గడువు తక్కువేమీ ఉండదు కదా. పదకొండో రోజు నుంచి ఆ మందు సొంత డబ్బుతో కొనాలని కుటుంబానికి విడమరిచి చెప్పేవారుంటే కొంటారేమో; చెప్పకపోతే సంచిలో బిళ్లలు అయిపోవడమే కోర్సు అయిపోవడమని అనుకుంటారు. ఇక ఆ ఎముక అంత సులువుగా ఎందుకు విరిగిందన్న ప్రశ్న, అంటే ఎముకల బోలుతనానికి చికిత్స, చాలా సమ్మరీల్లో ప్రస్తావనకే రాదు. విరిగిన ఎముకకు రాడ్ వేశారు గాని, రెండో వైపు ఎముక కూడా అంతే పెళుసుగా ఉందన్న సంగతి ఎవరి పనీ కాకుండా పోతుంది.

మందుల తర్వాత తిండి. ఇక్కడ తప్పు ఆసుపత్రిది మాత్రమే కాదు, మన ఇళ్లది కూడా. జబ్బుపడి లేచిన మనిషికి పథ్యం పెట్టడం తెలుగు ఇళ్లలో ప్రేమతో చేసే పని. పప్పు వాతం, పెరుగు జలుబు, గుడ్డు వేడి, మాంసం అరగదు, వంకాయ చీము పట్టిస్తుంది అంటూ ఒక్కొక్కటీ తీసేస్తే చివరికి విస్తట్లో మిగిలేది చారన్నమో, జావో, ఇడ్లీయో. కండ కోల్పోయిన శరీరానికి కావలసింది సరిగ్గా దీనికి విరుద్ధం. జబ్బు నుంచి కోలుకుంటున్న వృద్ధులకు బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలని నిపుణుల బృందాలు సూచిస్తున్నాయి. యాభై కిలోల మనిషికి ఇది 60 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, ఒక గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు, ఒక కప్పు ముద్దపప్పులో ఏడెనిమిది గ్రాములు ఉంటాయని లెక్కేసుకుంటే, మూడు పూటలా చారన్నం పెట్టే ఇంట్లో అందులో సగం కూడా చేరదని తెలుస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వర్తించదు; వారి మోతాదు డాక్టరే చెప్పాలి. మిగిలినవారికి "ఏమైనా పెట్టొచ్చా" అని అడిగితే డాక్టరు "అన్నీ పెట్టొచ్చు" అని ఊరుకోవడం వల్ల ఉపయోగం లేదు. పూటకో గుడ్డు లేదా గరిటెడు గట్టి పప్పు, రాత్రి పెరుగన్నం అని పేరు పెట్టి చెప్తేగాని, పెద్దమ్మల మాటకు ఎదురు నిలబడే ధైర్యం కోడలికి రాదు. పళ్లు లేని మనిషికి గుడ్డును చిదిమి పెట్టాలన్నది, నోటి పూత ఉంటే కారం తగ్గించాలన్నది కూడా చెప్పాల్సినవే.

తిన్నది కండగా మారాలంటే మనిషి కదలాలి. కదలడానికి ఇల్లు అడ్డొస్తుంది. ఫిజియోథెరపిస్టు ఆసుపత్రి వరండాలో నునుపైన గచ్చు మీద వాకరుతో నాలుగు అడుగులు వేయించి చూస్తారు. ఇంటి దగ్గర అరుగు ఎక్కాలి, గడప దాటాలి, పెరట్లోని మరుగుదొడ్డికి తడి బండల మీద నడవాలి. తుంటి కీలు మార్చినవారు మోకాళ్ల కంటే కిందికి ఉండే చోట కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, నేల మీద బాసిపట్టు వేయకూడదు. మన పల్లె ఇళ్లలో కూర్చునే చోటల్లా ఈ మూడింటిలో ఏదో ఒకటే. నడుమ సాగిపోయిన నులక మంచం నుంచి లేవడం ఆరోగ్యవంతుడికే కష్టం. కమోడ్ కుర్చీ ఒకటి, గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి, మంచం కాళ్ల కింద నాలుగు చెక్క దిమ్మెలు, రాత్రంతా వెలిగే చిన్న బల్బు. వీటికయ్యే ఖర్చు ఆపరేషన్ ఖర్చులో ఏ మూలకూ రాదు, కానీ ఏ ప్యాకేజీలోనూ ఇవి లేవు. వీటిని డిశ్చార్జ్‌కు ముందు రోజే సిద్ధం చేయాలి. మనిషి ఇంటికి వచ్చాక వెతుకుతూ కూర్చుంటే, ఆ లోగా మరుగుదొడ్డి భయంతో నీళ్లు తాగడం మానేస్తారు, మంచం దిగడం మానేస్తారు. పడకపుండ్లు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం ఇలా మొదలవుతాయి. "విశ్రాంతి తీసుకోనివ్వండి, కదపకండి" అని చూడవచ్చిన బంధువులు చెప్పే సలహా ఈ దశలో శత్రువు చెప్పినదానితో సమానం.

ఆపరేషన్ తర్వాత కొందరు పెద్దవారు సాయంత్రమయ్యేసరికి లేనివాళ్లను పిలవడం, చోటు తెలియకపోవడం, కోపగించుకోవడం చేస్తారు. ఇది పిచ్చీ కాదు, గాలి సోకడమూ కాదు. జబ్బు ఒత్తిడికి మెదడు తాత్కాలికంగా తడబడటం. ఇంటికి వచ్చాక కూడా వారాల తరబడి ఉండవచ్చు. కళ్లజోడు, చెవి మిషను అందుబాటులో ఉంచడం, పగలు వెలుతురులో కూర్చోబెట్టడం, తెలిసిన మనిషి పక్కనుండటం సాయపడతాయి. ఉన్నట్టుండి ఎక్కువైతే మాత్రం కొత్త ఇన్‌ఫెక్షన్‌కో, మందు తేడాకో గుర్తుగా తీసుకుని డాక్టరుకు చూపాలి.

ఇవన్నీ చేయవలసింది ఎవరు? ఆసుపత్రి మాటల్లో "అటెండెంట్". ఆసుపత్రిలో అటెండెంటుగా ఉన్నది తరచుగా కొడుకు లేదా అల్లుడు. ఇంట్లో ఒళ్లు తుడిచి, మందులు వేసి, మరుగుదొడ్డికి తీసుకెళ్లేది కోడలు, కూతురు, లేదా డెబ్బై ఏళ్ల భార్య. నేర్పినది ఒకరికి, చేసేది ఒకరు. మూత్రపు పైపు సంచిని నడుము కంటే కింద ఉంచాలని, ముక్కు పైపులో ఆహారం పోసేటప్పుడు తలవైపు ఎత్తుగా ఉండాలని, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నోటితో చెప్పడం చాలదు. చేసేవారిని పిలిపించి, నర్సు కళ్లెదుట వారి చేతే చేయించాలి. దీనికితోడు తల్లిదండ్రులను కొడుకులు వంతులు వేసుకుని చూసే పద్ధతి ఉంది. ఆపరేషన్ అయిన నెలలోనే వంతు మారితే మనిషి సంచితో సహా మరో ఊరికి, మరో మందుల షాపుకు, మరో డాక్టరుకు మారుతారు. ఫైలు మొదటి ఇంట్లో ఉండిపోతుంది. కోలుకునేదాకా మూడు నెలలు వంతును ఆపడం, మందుల పట్టికను ఫోటో తీసి అన్నదమ్ములందరి ఫోన్లలో ఉంచడం చిన్న విషయాలే గాని, కుటుంబ పంచాయితీలో వీటిని లేవనెత్తడానికి డాక్టరు మాట అండగా ఉండాలి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో ఇదే పని డబ్బిచ్చి పెట్టుకున్న కేర్‌టేకర్ మీద పడుతుంది. ఆ మనిషి ఏం శిక్షణ పొందారో, ఏజెన్సీ మాట తప్ప వేరే ఆధారమేమీ ఉండదు. వీడియో కాల్‌లో కనిపించేది ముఖం. మడమ మీద ఎర్రబారిన చర్మం కనిపించదు.

కుటుంబానికి నేర్పితే చాలు, అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకం ఈ మధ్య బలపడుతోంది. నూరా హెల్త్ అనే సంస్థ భారతీయ ఆసుపత్రుల్లో రోగుల బంధువులకు వార్డులోనే తరగతులు నిర్వహించే పద్ధతిని విస్తరించింది. అది మంచి పనే. కానీ నమ్మకానికి ఒక హద్దు ఉంది. పక్షవాతం వచ్చినవారికి కుటుంబ సభ్యులే వ్యాయామాలు చేయించేలా శిక్షణ ఇస్తే ఫలితం ఎలా ఉంటుందో పరీక్షించిన అటెండ్ అనే పెద్ద అధ్యయనం మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో, 1,250 మంది రోగులతో జరిగింది. 2017లో లాన్సెట్ పత్రికలో దాని ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత చనిపోయిన లేదా ఇతరుల మీద ఆధారపడిన వారి శాతం శిక్షణ పొందిన కుటుంబాల్లోనూ, పొందని కుటుంబాల్లోనూ 47 దగ్గరే ఉంది. కుటుంబం చేసేది వృథా అని దీని అర్థం కాదు. నిపుణుల పనిని కుటుంబం భుజాల మీదికి మార్చి, దాన్ని పునరావాసం అని పిలుచుకోవడం చెల్లదని దీని అర్థం. ఇందుకు భిన్నంగా, 2006లో ఎరిక్ కోల్మన్ బృందం అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో శిక్షణ పొందిన నర్సు ఒకరు రోగిని ఆసుపత్రిలో కలిసి, ఇంటికి ఒకసారి వెళ్లి, ఆ తర్వాత కొన్నిసార్లు ఫోన్ చేశారు. మందులు సరిచూడటం, తదుపరి సంప్రదింపు ఖాయం చేయడం, ప్రమాద సూచనలు గుర్తుపట్టించడం, రోగి దగ్గరే ఒక రికార్డు ఉంచడం ఆమె పనులు. నెల రోజుల్లో తిరిగి ఆసుపత్రిలో చేరినవారు ఈ సాయం అందనివారిలో 11.9 శాతం ఉంటే, అందినవారిలో 8.3 శాతమే. తేడా చూపింది కరపత్రం కాదు, తెలిసిన ఒక మనిషి వెంట ఉండటం.

అలాంటి మనిషి మనకు పూర్తిగా లేరనడం సరికాదు. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికో వృద్ధుల క్లినిక్, సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఫిజియోథెరపీ, మంచం పట్టినవారికి ఇంటి సందర్శనలు కాగితం మీద ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనంగా ప్రారంభించిన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో డాక్టరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి వచ్చి, కదలలేనివారిని ఇంటికే వెళ్లి చూడాలన్న నియమం పెట్టారు. ఊరి ఆరోగ్య క్లినిక్‌లో నర్సింగ్ చదివిన సిబ్బంది, వీధిలో ఆశా కార్యకర్త ఉన్నారు. లేనిదల్లా వీరికి కబురు అందించే తీగ. ఆపరేషన్ జరిగింది, ఫలానా మనిషి ఫలానా రోజు ఇంటికి వస్తున్నారు అన్న సమాచారం పథకం కంప్యూటర్లలో ఉంటుంది, ఎందుకంటే డబ్బు చెల్లించాలి కాబట్టి. అదే సమాచారం ఊరి క్లినిక్ ఫోన్‌కు వెళ్లదు. ఈ లోగా జ్వరమొచ్చినా, కాలు వాచినా కుటుంబం మొదట పిలిచేది ఆర్ఎంపీనే. ఆయన అర్ధరాత్రి పిలిచినా వస్తాడు, తెలుగులో మాట్లాడతాడు, అప్పు పెడతాడు. సెలైన్ పెట్టి ఇంజెక్షన్ కూడా చేస్తాడు. గుండె బలహీనంగా ఉన్న మనిషికి ఆ సెలైన్ ఊపిరాడకుండా చేయవచ్చు. ఆర్ఎంపీని తిట్టడం సులువు. ఆ వేళకు ఫోన్ ఎత్తే మరొకరిని చూపించడమే కష్టం.

ఇంగ్లండ్‌లో ఆసుపత్రి నుంచి వచ్చిన వృద్ధులు మళ్లీ తమ పనులు తాము చేసుకునేలా సాయపడే స్వల్పకాలిక సేవను ఆరు వారాల వరకు ఉచితంగా అందిస్తారు. అక్కడా సిబ్బంది కొరత ఉంది, అందరికీ అందదు. అయినా డిశ్చార్జ్ తర్వాతి కాలం వైద్య వ్యవస్థ లెక్కలోకి వస్తుందన్న సూత్రమైతే ఉంది. మన దగ్గర ఆ సూత్రానికి దగ్గరగా వచ్చినది ఆరోగ్య ఆసరా. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రవేశపెట్టిన ఈ సాయం కింద ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 రూపాయలకు మించకుండా ఇచ్చారు. కోలుకోవడం కూడా ఖర్చేనని ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. కానీ కూలి నష్టానికి ఇచ్చిన డబ్బు వాకరుగా, ఫిజియోథెరపిస్టుగా తనంతట తాను మారదు.

తుంటి ఆపరేషన్, పక్షవాతం, గుండె వైఫల్యం వంటి కొన్ని కేసులకైనా, ప్యాకేజీ మొత్తంలో ఒక భాగాన్ని ఆసుపత్రికి వెంటనే చెల్లించకుండా ఆపి, మూడు పనులు పూర్తయ్యాకే విడుదల చేయడం పెద్ద కొత్త వ్యవస్థను కోరదు. తెలుగులో మందుల పట్టిక ఇచ్చి, పాతవాటిలో ఆపవలసినవి కొట్టేసి ఉండాలి. రెండో రోజో మూడో రోజో ఆసుపత్రి నుంచి ఇంటికి ఫోన్ వెళ్లాలి. వారం లోపు ఊరి క్లినిక్ నుంచి ఎవరో ఒకరు గడప దాటి వచ్చి, బిళ్లల డబ్బా తెరిచి, మడమలు, నడుము కింది చర్మం చూసి, మనిషిని లేపి నిలబెట్టి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతోనో ప్రమాదం వల్లనో పూర్తిగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఆ డబ్బు ఇవ్వడానికి సిబ్బంది నెల మొదట్లో ఆ ఇంటికే వెళ్తున్నారు. మంచం పట్టాక నెలనెలా వెళ్లగలిగిన యంత్రాంగం, మంచం పట్టకముందు ఒక్కసారి వెళ్లలేకపోవడానికి దూరమూ, మనుషుల కొరతా కారణాలు కావు. ఆ ఒక్క సందర్శనను ఏ శాఖ పద్దులో రాయాలో తేలకపోవడమే కారణం.